రుస్తాఖ్‌లో వంగిన కర్ర

మస్కట్‌లో మత్రా సూక్ అనే బజారు వెనక వీధిలో ఉదయం ఐదూ నలభైకి నిలిచి ఉన్న పికప్ బండిలో ఉన్నవి ఇవి: మనుషులు తొమ్మిది మంది, మేకలు రెండు, బియ్యం బస్తాలు నాలుగు, ఎండుచేపల గంప ఒకటి, టీపొడి పెట్టె ఒకటి, చేత్తో తిప్పే కుట్టుమిషను ఒకటి. మనుషుల్లో డ్రైవరు సలీం, సెలవు మీద ఇంటికి వెళ్తున్న సిపాయిలు ఇద్దరు, కుట్టుమిషను తెచ్చిన దర్జీ, మేకల యజమాని, అతని అన్న, దారంతా ఒక్క మాటా మాట్లాడని ఒక పెద్దాయన, రాజమల్లు మేస్త్రి, నేను.

నా సంచిలో ముప్పై మీటర్ల టేపు, జేబు పుస్తకం, పెన్సిళ్లు రెండు, చపాతీలు పన్నెండు, మామిడికాయ పచ్చడి సీసా ఉన్నాయి. రాజమల్లు సంచిలో తువ్వాలు, బీడీకట్ట, దారం చుట్టిన ఇత్తడి తూకం గుండు ఉన్నాయి. సెలవు రోజున గుండు ఎందుకని అడిగాను.

“రూమ్‌ల పదకొండు మందిమి ఉంటం సారూ. ఒకని చెప్పులు ఇంకొకడు తొడుక్కపోతడు. ఇది మా నాయన గుండు. ఏడికి వోతే ఆడికి నా ఎంటనే.”

నేను కాకినాడ పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, ఒక రోడ్ల కంపెనీలో సర్వేయరుగా మస్కట్ వచ్చి అప్పటికి పద్నాలుగు నెలలు. 1976 మార్చి మూడో వారం అది. ఆఫీసులో నేను రోజూ గీసే పటంలో రుస్తాఖ్ ఒక నల్లచుక్క. కొండల అంచున, రెండు వాగుల మధ్య, ఆవగింజంత. ఆ చుక్క మీద ఎన్నోసార్లు స్కేలు పెట్టాను కానీ అక్కడ ఏముందో తెలియదు. పాత కోట ఉందని, వేడినీటి ఊట ఉందని, ఊరంతా నడిచి చూడదగినదని ఆఫీసు డ్రైవర్లు చెప్పేవారు. రాజమల్లుది కరీంనగర్ జిల్లా. మా సైట్‌లో అందరికంటే పెద్ద మేస్త్రి, నలభై ఐదు దాటినవాడు. వచ్చినప్పటి నుంచి సిమెంటు ఇటుకలు తప్ప వేరే గోడ ముట్టుకోలేదట. “పాత గోడ సూడాలని పానం కొట్టుకుంటాంది” అన్నాడు. అలా ఇద్దరం శుక్రవారం సెలవుకు బయలుదేరాం.

బండి ఐదూ యాభై ఐదుకు కదిలింది. మనిషికి ఒక రియాల్. ముందు సీటుకు ఒకటిన్నర, అది పెద్దాయనకు దక్కింది. రువి దాటి సీబ్ మీదుగా సముద్రం వెంట తారు రోడ్డు బాగుంది. ఏడూ ఇరవైకి బర్కాలో ఆగి పాలు ఎక్కువేసిన చాయ్ తాగాం. సలీం బలూచీవాడు, చక్కటి ఉర్దూ మాట్లాడతాడు. మేమెందుకు వెళ్తున్నామో విని స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి నవ్వాడు.

“గోడలు చూడ్డానికా? రోజంతా గోడలు కట్టి, సెలవు రోజు గోడలు చూడ్డానికి డబ్బులిచ్చి పోతున్నారా?”

“నువ్వు సెలవు రోజు ఏం చేస్తావు?” అని అడిగాను.

“బండి కడుగుతాను.”

“మరి!” అన్నాడు రాజమల్లు. సిపాయిలు కూడా నవ్వారు.

బర్కా నుంచి కొండల వైపు తిరగగానే తారు పోయి గులకరాళ్ల బాట మొదలైంది. నా లెక్కలో అరవై కిలోమీటర్లకు రెండు గంటలు పట్టింది. వాగులు ఏడుచోట్ల దాటాం, నీళ్లు ఉన్నవి రెంటిలోనే. దారిలో నఖల్ కోట ఒక ఒంటరి బండ మీద కనిపించింది. బండ ఎక్కడ ఆగి గోడ ఎక్కడ మొదలవుతుందో దూరం నుంచి చెప్పలేం. మేకలు అక్కడే దిగాయి.

రుస్తాఖ్ చేరేసరికి తొమ్మిదిన్నర. సలీం మమ్మల్ని కోట ముందున్న సూక్ దగ్గర దించి, సాయంత్రం నాలుగుకు అక్కడే ఉంటానని, నాలుగూ పదికి ఉండనని చెప్పాడు.

సూక్ చిన్నది. మట్టి అరుగుల మీద కొట్లు, పైన ఖర్జూర మట్టల కప్పు. ఎండునిమ్మకాయలు, తేనె సీసాలు, తాళ్లు, తుపాకీ తూటాలు, బొంబాయి గాజుగ్లాసులు ఒకే కొట్లో దొరుకుతాయి. ఒక కంసాలి బాకు ఒరకు వెండి తీగ చుడుతున్నాడు. రాజమల్లు అతని ఎదుట పావుగంట గొంతుకు కూర్చున్నాడు. ఇద్దరికీ ఒక్క మాట కూడా ఉమ్మడిగా లేదు. లేచేటప్పుడు కంసాలి తన సుత్తిని ఇతని చేతికిచ్చాడు, ఇతను తూచి చూసి తలూపి తిరిగి ఇచ్చాడు.

కోట వాకిట్లో పాత తుపాకీతో ఒక కాపలాదారు ఉన్నాడు. పాస్‌పోర్టు అడగలేదు, టేపు చూసి మాత్రం ఏమిటని అడిగాడు. ఒక మూర సాగదీసి చూపించాను, పోనిచ్చాడు. కింది భాగం, ఒక బురుజు చూడనిచ్చాడు. నేను కొలిచినవి: ప్రధాన ద్వారం దగ్గర గోడ మందం రెండు మీటర్ల నలభై, లోపలి ద్వారం ఎత్తు మీటరున్నర, అంటే ఎంత వీరుడైనా తల వంచే లోపలికి రావాలి. ద్వారం మీద కప్పులో సన్నని చీలిక ఉంది. కాపలాదారు రెండు చేతులూ పైకెత్తి ఏదో గుమ్మరించినట్టు చూపించి, ఒళ్లు కాలినట్టు గెంతాడు. శత్రువుల మీద మరిగే ఖర్జూర పాకం పోసేవారట. ఆ పాకం ఎక్కడి నుంచో పక్క గదిలో చూశాం. నేలంతా చిన్న గట్లు, మధ్య మధ్య కాలువలు. గట్ల మీద ఖర్జూరం బస్తాలు పేర్చితే బరువుకు కారిన పాకం కాలువల్లో జారి మూలనున్న కుండలో పడుతుంది. నేల వాలు ఎంతో చూద్దామని గుండు దించాం. మూడు మీటర్లకు తొమ్మిది సెంటీమీటర్లు. మా కంపెనీ బాత్‌రూములకు ఇంత శ్రద్ధగా వాలు ఇవ్వడం లేదు.

బురుజు మెట్ల దగ్గర గచ్చు ఊడినచోట రాజమల్లు గోటితో గీకి, ముక్క నాలుక మీద పెట్టుకున్నాడు.

“వట్టి సున్నం కాదు సారూ. కాల్సిన మట్టి పొడి కొట్టి కలిపిండ్రు. మన సుర్కీ లెక్కనే ఉన్నది. సిమెంటు దీని ముంగట ఏంది? ముప్పై ఏండ్లకే బుక్కబుక్కై రాలుతది.”

“మెల్లగా అనండి మేస్త్రీ. మన జీతం సిమెంటు మీదే.”

“గీడ ఎవ్వలు ఇంటరు? తుపాకాయనకు తెలుగొస్తదా?”

కాపలాదారు తన మాట వచ్చిందని గ్రహించి గంభీరంగా తలూపాడు.

పదకొండున్నరకు కోట విడిచి సందుల్లో పడ్డాం. రుస్తాఖ్ వెళ్లేవారికి నా సలహా ఇది: కోట చూసి వెనక్కి తిరగవద్దు, సందుల్లో గంట నడవండి. ఇళ్లు పచ్చి ఇటుకవి, చాలావరకు రెండంతస్తులు. పైకప్పుకు ఖర్జూర దూలాలు, వాటి మీద మట్టలు, చాప, మన్ను. దూలం పొడవు మూడు మీటర్లకు మించదు కాబట్టి గదులన్నీ సన్నగా పొడుగ్గా ఉంటాయి. ఊరు మొత్తం ఒక చెట్టు కొలతకు కట్టినట్టే. వాననీటి గొట్టం కూడా నిలువునా చీల్చి తొలిచిన ఖర్జూర మానే. తలుపుల మీద చెక్కిన పువ్వులు ఒక్కో ఇంటికి ఒక్కో రకం. పన్నెండు తలుపులు చూశాను, ఏ రెండూ ఒకటి కావు.

సందు పక్కనే కాలువ నడుస్తుంది. దీన్ని ఫలజ్ అంటారు. కొండ అడుగున ఊట తవ్వి, అక్కడి నుంచి నీటిని వాలు మీద ఊళ్లోకి తెస్తారు. పంపు లేదు, ఇంజను లేదు. ఊళ్లోకి వచ్చే మొదటి చోట తాగడానికి ముంచుకుంటారు, తర్వాత మసీదులో కాళ్లూ చేతులూ కడుగుతారు, తర్వాత స్నానపు గదులు, చివర తోటలు. ఆ వరస ఎవరూ మార్చరు. కాలువ వెడల్పు నలభై ఐదు సెంటీమీటర్లు, నీటి లోతు ఇరవై రెండు.

కాలువ వెంట నడుస్తూ పన్నెండూ యాభైకి తోటల అంచుకు వచ్చాం. మసీదు నుంచి నమాజు పిలుపు అప్పటికే అయిపోయింది, మనిషి జాడ లేదు. తోటల ముందు చదునైన ఖాళీ జాగా ఉంది. దాని నడుమ ఒక కర్ర పాతి ఉంది. ఎత్తు రెండు మీటర్ల ఎనభై. అడుగున రాళ్ల దిమ్మె. కర్రకు తూర్పున, పడమరన నేలలో సగం పూడ్చిన రాళ్లు వరసగా ఉన్నాయి. జెండాకర్ర అనుకున్నాను. రాళ్లు పండగ రోజున కూర్చోడానికి అనుకున్నాను. కర్ర పడమటికి వంగి ఉంది.

రాజమల్లు దాన్ని చూసి ఆగిపోయాడు. వంగినదాన్ని చూసి అతను ముందుకు నడవలేడు. నిజం చెప్పాలంటే నేనూ నడవలేను.

“దిమ్మె వదులైంది సారూ. ఓ రెండు పచ్చర్లు గొడితే నిలబడతది. గింత మంచి ఊర్ల గిది ఒక్కటే అష్టవంకరగున్నది.”

ఎవరినైనా అడగాలన్నా ఎవరూ లేరు. ఊరికి చిన్న ఉపకారం చేసి పోదామనిపించింది. ఖర్జూర మట్టతో దారాన్ని కర్ర పైకొసకు తగిలించి గుండు వేలాడదీశాం. గుండు కర్ర మొదలుకు పడమరగా ఇరవై సెంటీమీటర్ల దూరంలో ఆగింది. అలవాటు కొద్దీ పుస్తకంలో రాసుకున్నాను: “కర్ర, 2.80, వంపు 0.20 పడమర.” రాజమల్లు దిమ్మెలో నాలుగు రాళ్లు తీసి, నేను కర్రను పట్టుకోగా, సందుల్లో ఐదు పచ్చర్లు, అంటే సన్నటి రాతిచెక్కలు, బిగించి మళ్లీ పేర్చాడు. దారం కర్రకు అంటుకుని నిలిచింది. పదిహేను నిమిషాల పని. ఇద్దరం నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాం. చాలా బాగుంది.

అక్కడే తోటగోడ నీడలో కూర్చుని చపాతీలు విప్పాం.

దాదాపు రెండు గంటలకు ఒక యువకుడు వచ్చాడు. మాకు సలాం చెప్పి, కర్ర నీడ కొసను చూశాడు. అది ఒక రాతిని తాకుతోంది. వెంటనే కాలువ దగ్గరకు పోయి, ఒక తూములోంచి గుడ్డచుట్టిన రాయి తీసి పక్క తూములో పెట్టాడు. ఒక తోటకు పోయే నీళ్లు ఆగి, మరో తోటకు మళ్లాయి. అతను నీడ కొసనే చూశాడు, కర్రను చూడలేదు.

నా చేతిలో చపాతీ ముక్క అలాగే ఉండిపోయింది.

మూడు నిమిషాలైనా కాలేదు, ఆగిన తోటలోంచి ఒక ముసలాయన మోకాళ్ల దాకా బురదతో పరుగున వచ్చాడు. చేతిలో పార ఉంది. ఇద్దరూ కేకలు వేసుకోవడం మొదలుపెట్టారు. ముసలాయన ఆకాశం కేసి, యువకుడు రాతి కేసి చూపిస్తున్నారు. ఇంకో నలుగురు చేరారు. వారి వెనక నెమ్మదిగా, తెల్లగడ్డంతో, చేతికర్రతో ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయనకు అందరూ దారి ఇచ్చారు.

“ఆ పెద్దాయన మా ఊరి నీరటి లెక్కున్నడు సారూ. నీళ్లు పంచేటోడు” అని, నా ముఖం చూసి, “ఏమైంది? అట్ల తెల్లవడ్డరేంది?” అన్నాడు రాజమల్లు.

“మేస్త్రీ, అది జెండాకర్ర కాదు. గడియారం.”

అతను కర్ర కేసి, నీడ కేసి, రాళ్ల కేసి చూశాడు. అర్థమవడానికి అతనికి నాకంటే తక్కువ సమయం పట్టింది.

“అయ్యో! తప్పుడు పని చేస్తిమి గద సారూ.” తర్వాత గొంతు తగ్గించి, “పోదాం పాండ్రి. మనల్ని ఎవ్వలు సూడలే. పోలీసోల్లకు చెప్పిండ్రనుకో, బతాకా గుంజుకొని దేశం తోలుతరు. నాకింకా ఏడాదిన్నర అగ్రిమెంటున్నది” అన్నాడు.

బతాకా అంటే మా పని కార్డు. అది లేకపోతే ఈ దేశంలో మనిషి లేనట్టే. అతని భయం ఒట్టిది కాదు. నాకూ అదే భయం వేసింది. కానీ ముసలాయన పార నేలకేసి కొట్టి, అవతలివాడి చెయ్యి పట్టుకుని తోట వైపు లాగుతున్నాడు. రా, వచ్చి చూడు అంటున్నాడని భాష రాకపోయినా తెలుస్తోంది. మేం వెళ్లిపోతే ఆ తోట ఎండుతుంది, పైగా ఆయన అబద్ధాలకోరు అవుతాడు.

“మీరు కూర్చోండి మేస్త్రీ. నేనొక్కణ్నే చేశానని చెబుతాను.”

“పచ్చర్లు గొట్టింది నేను, నువ్వెట్ల చేస్తవు? దా” అని తువ్వాలు దులుపుకుని నాకంటే ముందు లేచాడు. నన్ను “నువ్వు” అనడం అదే మొదటిసారి.

వెళ్లి హిందీలో చెప్పడం మొదలుపెట్టాను. ఎవరికీ అర్థం కాలేదు. బురదకాళ్ల ముసలాయన మాత్రం గిర్రున తిరిగాడు.

“నేను బొంబాయిలో మూడేళ్లు ఉన్నాను. పడవ మీద ఖర్జూరం తెచ్చేవాణ్ని. చెప్పు రఫీక్. ఏం చేశారు?”

అలా మా వల్ల నష్టపోయిన మనిషే మాకు దుబాసీ అయ్యాడు. ఆయన పేరు ఖల్ఫాన్. రఫీక్ అంటే స్నేహితుడు, నా పేరు కాదు. యువకుడి పేరు సయీద్. నీళ్లు పంచే పెద్దమనిషిని అందరూ అరీఫ్ అంటారు, అది ఆయన ఉద్యోగం పేరు. ఎనిమిది రోజులకు ఒకసారి ఖల్ఫాన్‌కు మూడు వాటాల నీళ్లు వస్తాయి. ఒక్కో వాటా రమారమి అరగంట. పన్నెండూ నలభైకి మొదలై ఒక రాయి దగ్గర ఆయన వంతు ముగుస్తుంది, సయీద్ వంతు మొదలవుతుంది. ఆయన వంతు మధ్యలో మేం కర్రను నిలబెట్టాం. కర్ర కొస తూర్పుకు జరిగినంత మేరా నీడ కొస కూడా తూర్పుకు జరిగింది. రాతిని ముందే తాకింది.

ఖల్ఫాన్ ఇదంతా అరబ్బీలో తిప్పి చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన కోపం సగం తగ్గింది, ఎందుకంటే సయీద్ ముందు తన మాట నిజమైంది. “చూశావా? ముసలికళ్లు అన్నావు. నా కళ్లు కాదు, కర్రే కదిలింది!” అని సయీద్ భుజం పొడిచాడు. సయీద్ ముఖం ఎర్రబడింది.

అరీఫ్ కర్ర చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. దిమ్మెలో పచ్చర్లను వేలితో తట్టి చూశాడు. ఏదో అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

“ఆయన ఏమంటున్నాడంటే,” అన్నాడు ఖల్ఫాన్, “మా తాత కూడా వంగే నడిచేవాడు, అదృష్టం, ఆయన కాలంలో మీరు ఇటు రాలేదు అంటున్నాడు.”

నవ్వు ఆగాక అసలు సంగతి వచ్చింది. కర్ర వంగిన తర్వాత, ఆ వంపును బట్టే పూర్వం రాళ్లు సరిచేసుకున్నారు. కర్ర పాతచోటికి రావాలి. ఎంత వంపో ఎవరికి తెలుసు? అందరూ తలా ఒక వేలు పెట్టి చూపించారు, ఏ రెండు వేళ్లూ కలవలేదు. నేను జేబు పుస్తకం తీశాను. ఇరవై సెంటీమీటర్లు, పడమర. ఆ అంకె అక్కడెవరికీ పనికిరాదు కాబట్టి టేపు పెట్టి ఒక ఖర్జూర మట్టను సరిగ్గా అంత పొడవుకు కోసి అరీఫ్ చేతికిచ్చాను. ఆయన దాన్ని జాగ్రత్తగా పట్టుకున్నాడు.

రాజమల్లు మళ్లీ దిమ్మె విప్పాడు. “ముప్పై ఏండ్ల సంది మేస్త్రిగాన్ని. వంకర నిలబెట్టుమని అడిగినోడు ఇయ్యాలే దొరికిండు” అని గొణిగాడు. కానీ అతను గోడ ఎంత నిటారుగా కడతాడో కర్రను అంతే నికరంగా వంచాడు. గుండు దించి, మట్టతో మూడుసార్లు కొలిచి, వెంట్రుక తేడా లేకుండా నిలిపాడు. అది అయ్యేసరికి రెండూ నలభై. నీళ్లు ఇంకా సయీద్ తోటలోకే పోతున్నాయి.

ఇక ఖల్ఫాన్‌కు పోయిన నీళ్ల సంగతి. దిమ్మె విప్పక ముందే నీడ కొస దగ్గర నేల మీద గీత గీసి, పది నిమిషాలకు ఎంత జరుగుతుందో చూసి పెట్టుకున్నాను. రెండుంపావు ప్రాంతంలో పద్దెనిమిది సెంటీమీటర్లు జరిగింది. ఆ లెక్కన ఇరవై సెంటీమీటర్లంటే పదకొండు నిమిషాలు. నా చేతి గడియారం విప్పి అరీఫ్ ముందు పెట్టి, పదకొండు నిమిషాలు ఆయనకు ఇప్పించండి అన్నాను.

అరీఫ్ గడియారాన్ని చూసి, మర్యాదగా నా చేతిలోనే పెట్టాడు.

“నీ గడియారం మంచిదే అంటున్నాడు,” అన్నాడు ఖల్ఫాన్. “కానీ అది నీది. రేపు నువ్వు ఉండవు. కర్ర అందరిదీ.”

తర్వాత ఆయన తీర్పు చెప్పాడు. ఇరవై సెంటీమీటర్ల మట్టను నీడ కొస దగ్గర తూర్పుగా నేల మీద పెట్టాడు. నీడ ఆ మట్ట ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేదాకా నీళ్లు ఖల్ఫాన్‌వి. సయీద్ ముందుగా తీసుకున్నవే తిరిగి ఇస్తున్నాడు కాబట్టి అతని వంతు ఎప్పటి రాయి దగ్గరే ముగుస్తుంది. పొద్దు కుంకే ముందు వచ్చే ఆఖరి వాటా ఎవరిదీ కాదు, కాలువదే. దాన్ని ఏటా వేలం వేసి ఆ సొమ్ముతో కాలువ బాగుచేసుకుంటారు. ఈ వేళ నీళ్ల మళ్లింపులో తరిగినదేమైనా ఉంటే దాని మీద పడుతుంది. సయీద్ పోయి తూము రాయి మార్చాడు. ఆ తీర్పుకు పట్టిన సమయం మూడు నిమిషాలు. మా కంపెనీలో ఇలాంటిదానికి రెండు మీటింగులు అవుతాయి.

ఒక సంగతి నేను పైకి చెప్పాలా వద్దా అని ఆలోచించి, చివరకు చెప్పాను. మధ్యాహ్నం గడిచేకొద్దీ నీడ వేగం పెరుగుతుంది. మట్ట పొడవు అదే అయినా, ఇప్పుడు నీడ దాన్ని పది నిమిషాల్లోనే దాటేస్తుంది. ఖల్ఫాన్‌కు ఒక నిమిషం తగ్గుతుంది.

ఖల్ఫాన్ దాన్ని అరబ్బీలోకి తిప్పకుండానే చెయ్యి ఊపాడు. “తెలుసు రఫీక్, అందరికీ తెలుసు. చలికాలం నీడ వేరు, ఎండాకాలం నీడ వేరు. నీడ ఇచ్చినంతే తీసుకుంటాం. రా, చూద్దువుగాని. నీళ్లు వచ్చేస్తున్నాయి!”

ఆయన వెనక తోటలోకి పరుగెత్తాం. పెద్ద చెట్లు అప్పటికే తడిశాయి. ఎండినది తోట చివరి వరస. తల్లిచెట్ల మొదట్లోంచి వేరు చేసి నెల కిందట నాటిన ఖర్జూర పిలకలు అవి, మోకాలెత్తు లేవు. వాటికింకా సొంత వేళ్లు పట్టలేదు. పోయినసారి తడిపి ఎనిమిది రోజులు, ఈ వేళ తప్పితే మరో ఎనిమిది. “పదహారు రోజులు ఇది బతకదు,” అన్నాడు, ఒక దాని ఆకును రెండు వేళ్లతో పట్టుకుని. “ఈ రకం ఊళ్లో మూడిళ్లలోనే ఉంది. నా తమ్ముడు చనిపోయే ముందు అతని చెట్టు నుంచి ఇచ్చినవి.”

నీళ్లు మొదటి పాదులోకి ఎర్రగా నురగతో వచ్చాయి. ఆయన పారతో గట్టు కోసి రెండోదానికి వదిలాడు. రాజమల్లు లుంగీ ఎగకట్టి అవతలి వైపు నుంచి మట్టి అడ్డం వేస్తూ పోయాడు. ఇద్దరిలో ఎవరు ఎవరికి చెబుతున్నారో తెలియదు, ఒకరు ఉర్దూలో, ఒకరు అరబ్బీలో, అప్పుడప్పుడు ఇద్దరూ తమ తమ సొంత మాటల్లో. “ఆగుండ్రి ఆగుండ్రి, గట్టు తెగుతాంది” అని రాజమల్లు అరిస్తే ఖల్ఫాన్ సరిగ్గా అక్కడే పార వేశాడు. నాకు పని లేదు. పాదులు లెక్కపెట్టాను.

పది నిమిషాలకు బయటి నుంచి సయీద్ కేక వేశాడు. నీళ్లు సన్నబడి ఆగాయి. ఖల్ఫాన్ పార ఆనించి, వరస మొదటి నుంచి చివరిదాకా నడిచి చూసుకుని వచ్చాడు. ఆఖరి పాదు పొడిగా ఉంది.

నేను క్షమించమన్నాను.

“ఎందుకు? దీనికి నా భార్య బిందెతో తెచ్చి పోస్తుంది,” అన్నాడు. “పెద్దయ్యాక దీన్ని ‘హిందీ’, అంటే ఇండియావాడు, అని పిలుస్తాం. పిల్లలు ఎందుకని అడిగితే ఈ కథ చెప్పడానికి పనికొస్తుంది.”

తర్వాత వాకిట్లో చాప వేసి మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఖర్జూరం, యాలకుల వాసనతో నల్లని కాఫీ. సయీద్ కూడా వచ్చాడు. వెళ్తూ వెళ్తూ రాజమల్లు ఖల్ఫాన్ తూము పక్కన గచ్చు పగిలి నీళ్లు కారడం గమనించి, సున్నం అడిగి తీసుకుని, ఖర్జూరపు పీచు కలిపి మెత్తి వచ్చాడు. ఈసారి ముందు అరీఫ్‌ను అడిగి మరీ చేశాడు.

వేడినీటి ఊటకు ఇక అరగంటే మిగిలింది. అది ఊరి అంచున ఉంది. అంచులు కట్టిన గుండంలోంచి నీళ్లు పొగలు కక్కుతూ కాలువల్లోకి పోతాయి, పక్కన స్నానపు గదులు. కీళ్లనొప్పులవాళ్లు దూరం నుంచి వస్తారట. రాజమల్లు కాళ్లు పెట్టి, చప్పున తీసి, మళ్లీ మెల్లగా పెట్టి, “ఏడాది నొప్పి ఇయ్యాల పోయింది” అన్నాడు. వెళ్లేవారు దీనికి కనీసం గంట ఉంచుకోవాలి.

నాలుగుకు రెండు నిమిషాల ముందు సూక్ దగ్గరికి చేరాం. సలీం బండి కడిగి ఉంది. మనుషులు ఏడుగురు, తేనె డబ్బాలు ఆరు, గడ్డిమోపులు మూడు. బురదలో మునిగిన మా ఇద్దరి కాళ్లు చూసి సలీం, “గోడలు చూస్తామని వెళ్లారు, ఏ గోడలో పడ్డారు?” అని అడిగాడు. రాజమల్లు నఖల్ దాకా ఆ కథ చెబుతూనే ఉన్నాడు. చెప్పిన కొద్దీ కర్ర పొడుగైంది, జనం పెరిగారు. బర్కా దగ్గర తారు రోడ్డు ఎక్కేసరికి పొద్దు వాలింది. రాజమల్లు నిద్రపోయాడు, గుండు ఉన్న సంచి ఒళ్లో పట్టుకుని.

నేను పుస్తకం తీసి ఆ రోజు కొలతలన్నీ శుభ్రంగా ఎత్తి రాసుకున్నాను: కోటగోడ, ద్వారం, పాకం గది వాలు, కాలువ వెడల్పు. మర్నాడు డ్యూటీకి వెళ్లాక పటం మీద ఆ నల్లచుక్కను చూస్తే అది చుక్కలా కనిపించదని తెలుసు. ఎంతో తృప్తిగా గడిచిన సెలవు. వెళ్లాలనుకునేవారు తప్పక వెళ్లండి. టేపు తీసుకెళ్లవచ్చు, గుండు మాత్రం సంచిలోనే ఉంచండి. ఊరు నిటారుగా లేనిచోట ఎందుకు లేదో ముందు అడగండి.

పేజీ అడుగున ఆఖరి వివరం రాసి పుస్తకం మూశాను. పిలకలు పద్నాలుగు. కాలువ నీళ్లు అందినవి పదమూడు.